ఆటలో ఉండిపోయిన గొంతు

రెండేళ్ళపాటు మా ఇంట్లో ఎవరైనా ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, చేస్తున్న పని ఆపేసి వినేవాణ్ణి. సినిమా పాటో, వంట వీడియోనో అని తెలిశాక మళ్ళీ పనిలో పడేవాణ్ణి. నేను భయపడింది ఒకే ఒక్క సంగీతానికి. అది మా అమ్మ చెవిన పడకూడదు. దాన్ని చేసింది నేనే.

రాజమండ్రిలో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. నాన్న పోయాక కొట్టు బాధ్యత మా బావగారి మీద పడేసి, పైగదిలో గోడలకి పాత పరుపులు మేకులతో కొట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించేవాణ్ణి. కార్తీకమాసానికి భక్తి పాటలు రికార్డు చేసిపెట్టేవాణ్ణి. కింద బిందెలు దొర్లిన చప్పుడు వస్తే మళ్ళీ మొదటినుంచి పాడించేవాణ్ణి.

హైదరాబాదులో ఒక ఆఫీసు వాళ్ళ ద్వారా వీడియో గేముల సంగీతం పని మొదలైంది. అసలు కంపెనీ ఎక్కడో పై దేశంలో ఉండేది. గేములు తయారుచేయించి ప్రపంచమంతా అమ్మేవాళ్ళు. సంగీతాన్ని ముక్కలు చేసి చౌకగా చేసేవాళ్ళకి పంచేవాళ్ళు. ఒక ముక్క హైదరాబాదుకి, అందులో ఒక పలుకు రాజమండ్రిలో నాకు. గేము ఎలా ఉంటుందో నేను చూసేవాణ్ణి కాదు. ఒక కాగితం వచ్చేది, అంతే. ఆ కాగితం మీద ఈసారి ఇలా ఉంది: పాడుబడ్డ ఊరు, దిగుడుబావి, ఆటగాడు కిందికి దిగుతాడు, ఎంతసేపైనా అక్కడ ఉండొచ్చు, సంగీతం ఎక్కడా ముగిసినట్టు అనిపించకూడదు.

గేము సంగీతానికి ఇదే ముఖ్యమైన సంగతి. పాటకి పల్లవి, చరణం, ముగింపు ఉంటాయి. దీనికి ముగింపు ఉండదు. చివర, మొదలుకి అతుక్కుని, తిరుగుతూనే ఉండాలి. ఆటగాడు బావిలో పది నిమిషాలుంటే పది నిమిషాలు, గంటుంటే గంట.

నాలుగుసార్లు చేసి పంపాను. నాలుగుసార్లూ తిరిగొచ్చింది. హైదరాబాదు ఆఫీసులో నా పని చూసే ఆవిడ ఫోను చేసింది.

"సర్, భయం సరిపోవట్లేదంటున్నారు."

"ఇంకో రెండు కేజీలు వేయమంటారా అండి? మాది కొట్టే కదా."

"జోకులొద్దు సర్. ఈసారి కూడా నచ్చకపోతే మొత్తం పని వేరే దేశానికి ఇచ్చేస్తారట. మీ ఒక్కరిదే కాదు, మా అందరిదీ."

నాకు భయం వేసింది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా పౌరుషం వచ్చింది. పెళ్ళిళ్ళ కీబోర్డు వాడిగా ముసలివాణ్ణయిపోతానేమో అన్న ఉక్రోషం. ఆ వారమే మా ఇంట్లో సంబరం జరిగింది.

ఇది తెలియనివాళ్ళకి చెప్పాలి. మా వైపు కొన్ని ఇళ్ళల్లో పసితనంలో పోయిన పిల్లలు వీరభద్రుడిలో కలుస్తారని నమ్మకం. వెండిరేకు మీద చిన్న రూపు చెక్కించి దేవుడి పెట్టెలో ఉంచుతారు. ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడు ముందుగా ఆ రూపుకి గోదావరిలో స్నానం చేయించి, వీరణాలు వాయించేవాళ్ళని పిలిచి, ఆ డప్పుల మోతలో శరభ శరభ అంటూ పోయిన బిడ్డని ఇంటికి పిలుస్తారు. ఇంట్లో ఎవరో ఒకరికి పూనకం వస్తుంది. బిడ్డ అడిగింది ఇచ్చి, శాంతి చేసి, పంపించేస్తారు. అప్పుడుగానీ పెళ్ళిపనులు మొదలు కావు.

మా ఇంట్లో పోయినవాడు నా తమ్ముడు. ఏడాదిన్నర పిల్లాడు. మూడు రోజుల జ్వరం. జ్వరంలో పచ్చి నీళ్ళు పట్టకూడదని పెద్దవాళ్ళు అంటే అమ్మ పట్టలేదు. వాడు గ్లాసు వైపు చేతులు చాచి ఏడ్చాడట. నాకు ఆరేళ్ళు, నాకేమీ గుర్తులేదు. అమ్మ ఆ సంగతి మామూలుగా ఎప్పుడూ మాట్లాడదు. కానీ సంబరంలో పూనకం ఎప్పుడూ అమ్మకే వస్తుంది. ముందు ఒక పొడుగాటి కేక. నోరు తెరవకుండానే గొంతు లోపలనుంచి మొదలై పైకి వచ్చే కేక. తరవాత పసివాడి గొంతుతో "నీళ్ళు, నీళ్ళు" అంటుంది. మా అక్క గ్లాసు అందిస్తుంది. అమ్మ గటగటా తాగేస్తుంది. వీరణాల దరువు మారి, మెల్లగా, జోకొట్టినట్టు వాయిస్తారు. హారతి ఇస్తారు. అమ్మ కూలబడి కాసేపు నిద్రపోతుంది. లేచాక ఆ ముఖంలో ఉండే ప్రశాంతత మళ్ళీ ఇంకో సంబరందాకా నేను చూడలేదు. బిడ్డకి నీళ్ళు పట్టిన తల్లి ముఖం అది.

అప్పుడు చేసింది మా అక్క కొడుకు పెళ్ళికి సంబరం. నేను రికార్డరు కిటికీలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలుసు. ఇంట్లో గుర్తుగా ఉంటుందని అప్పుడు మనసుకి చెప్పుకున్నాను గానీ, అది అబద్ధమని పెడుతున్నప్పుడే తెలుసు.

వెళ్ళేటప్పుడు వీరణాల పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"బాబుగారూ, కిటికీలో ఏదో పెట్టారు. ఏంటండి అది?"

"రికార్డరండి. ఊరికే, గుర్తుగా."

"ఉంచుకోండి. కానీ వింటే మాత్రం చివరిదాకా వినండి. పిలుపు దగ్గర ఆపేయకండి. పిలిచి పంపకపోతే, ఆ వచ్చినోడు ఎక్కడికెళ్తాడండి?"

తల ఊపాను. మర్నాడు పొద్దున్న పైగదిలో కూర్చుని సరిగ్గా అక్కడే కోశాను.

పిలుపు దరువు తీసుకున్నాను. అమ్మ కేక తీసుకున్నాను. దాన్ని నాలుగోవంతు వేగానికి తగ్గించి, కింద నా సింథసైజరు గుసగుసలు పరిచాను. నీళ్ళు అన్న మాట దగ్గర కత్తెర పెట్టాను. మాట వినిపిస్తే ఎవరిదో గొంతని తెలిసిపోతుందని. చివర్లో జోకొట్టినట్టు వాయించే శాంతి దరువు పూర్తిగా తీసేశాను, ఎందుకంటే అది ముగింపులా వినిపిస్తుంది, కాగితం మీద ముగింపు వద్దన్నారు. కేక చివరను పిలుపు మొదటికి అతికించాను. అతుకు తెలియలేదు. ఇంత శుభ్రమైన అతుకు నేను అంతకుముందు వెయ్యలేదు, ఆ తరవాతా వెయ్యలేదు. అది విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నాను కూడా.

రెండు రోజుల్లో ఫోను వచ్చింది.

"సర్, వాళ్ళు ఎగిరి గంతేస్తున్నారు! ఆ మధ్యలో వచ్చే వాయిద్యం ఏంటని అడుగుతున్నారు. ఏంటి సర్ అది?"

"వాయిద్యం కాదండి. కంప్యూటర్లో నేనే తయారుచేసిన శబ్దం."

"సూపర్ సర్. అయితే డిక్లరేషన్ మీద సంతకం పెట్టి పంపించేయండి."

ఈ సంగీతంలోని ప్రతి శబ్దమూ నా సొంత సృష్టి, దీని మీద సర్వహక్కులూ కంపెనీవే, ఇక నాకూ నా వారసులకూ ఏ హక్కూ లేదు. ఆ కాగితం చదివి సంతకం పెట్టాను. చదవకుండా పెట్టానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

ఆ గేము వచ్చింది, కొన్నాళ్ళు ఆడింది. నాకు ఇంకో నాలుగైదు పనులు దొరికాయి. తరవాత ఒకరోజు హైదరాబాదునుంచి రెండు లైన్ల మెయిలు వచ్చింది. అసలు కంపెనీ మూతపడింది, చేతిలో ఉన్న పనులన్నీ ఆపేయండి అని. తోటివాళ్ళు ఘొల్లుమన్నారు. నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. కంపెనీతోపాటు ఆ శబ్దం కూడా పోయినట్టే అనుకున్నాను. గేము ఎక్కడా దొరకడం లేదని చూసి మరీ నిశ్చింతగా ఉన్నాను. స్టూడియో మూసేసి కిందికి దిగి కొట్లో కూర్చున్నాను.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మాయి ఫోను పట్టుకొచ్చింది. "నాన్నా, ఇది విను, ఒళ్ళు జలదరిస్తుంది."

ఏదో పాడుబడ్డ ఆసుపత్రి వీడియో. వెనకాల వీరణాలు. తరవాత అమ్మ.

"ఎక్కడిదమ్మా ఇది?" అన్నాను.

"ఏదో పాత గేముదట. ఆ కంపెనీ ఎత్తేశారు కదా, అడిగేవాళ్ళు లేరని అందరూ వాడేస్తున్నారు. దెయ్యం వీడియో అంటే ఇదే మ్యూజిక్. నాన్నా, ఏంటలా అయిపోయావ్? భయమేసిందా?" అని పగలబడి నవ్వింది.

అమ్మ పక్కగదిలో పూలు కడుతోంది.

ఆవేళే హైదరాబాదు ఆవిడ నంబరు వెతికి ఫోను చేశాను. ఆవిడ ఇప్పుడు ఏదో స్కూల్లో పాఠాలు చెబుతోంది. పాపం, ఓపిగ్గా విన్నది.

"ఎవర్ని అడగాలో నాకే తెలీదు సర్. మూసేసిన కంపెనీ సరుకు ఒకళ్ళు కొన్నారు, వాళ్ళని ఇంకొకళ్ళు కొన్నారు. ఆ సంగీతం తమ దగ్గరుందని వాళ్ళకైనా తెలుసో లేదో. మీరు తీసేయమని అడగడానికి మీకు హక్కు లేదు కదా. మీరే రాసిచ్చారు."

"ఎవరూ లేరా అండి?"

"ఎవరూ లేరు సర్. అయినా ఎందుకు తీసేయించాలి? అందులో ఏముంది?"

"ఏం లేదండి. ఊరికే" అన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

అప్పటినుంచి మొదలైంది నా కాపలా. అమ్మకి స్మార్ట్ ఫోను కొనిస్తానని అక్క అంటే కళ్ళు పాడవుతాయని అడ్డుపడ్డాను. వీడియోలు పెట్టినవాళ్ళకి ఒక్కొక్కళ్ళకీ దయచేసి తీసేయండని రాశాను. ఒకడు తీశాడు. కొందరు నవ్వే బొమ్మలు పంపారు. ఒకడు తీసేలోపు ఇంకెక్కడో వచ్చేది. వీరణాల పెద్దాయన అన్న మాట మాటిమాటికీ గుర్తొచ్చేది. నీళ్ళు అడగబోతున్న నోరు, ఆ మాట రాకముందే మళ్ళీ మొదలుకి. ఎక్కడెక్కడో, ఎందరి చేతుల్లోనో, రోజూ. వాణ్ణి పిలుస్తున్నారు, ఎవరూ నీళ్ళు ఇవ్వడం లేదు, ఎవరూ పంపించడం లేదు. నేను ఇవన్నీ నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు కూడా నమ్ముతానని గట్టిగా చెప్పలేను. కానీ భయపడటానికి నమ్మకం అక్కర్లేదు.

పోయిన ఏడాది మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అరటి గెలలు మాట్లాడటానికి రావులపాలెం వెళ్తుంటే అమ్మ తనూ వస్తానంది. బయటి గాలి పీల్చి చాన్నాళ్ళయిందని. తెలిసిన డ్రైవరు, నా వయసువాడే. ధవళేశ్వరం బ్యారేజీ మీద మధ్యలో ఒక లారీ ఆగిపోయి, ముందూ వెనకా బళ్ళు నిలిచిపోయాయి. పొద్దున్న పది గంటల ఎండ. అమ్మ కిటికీలోంచి గోదారి చూస్తోంది. డ్రైవరు ఇంజను ఆపేసి ఫోను తీశాడు.

నేను ముందుసీటులో ఉన్నాను. మొదటి దరువుకే తెలిసిపోయింది.

"ఏవండీ, అది ఆపండి."

"ఆయ్, ఒక్క నిమిషమండి, భలే ఉంటది చూడండి, వెనక నుంచి చెయ్యి వస్తాది..."

కేక మొదలైంది. నేను ఫోను లాక్కోబోతే అది సీటు కిందికి జారింది. కేక అయిపోయి మళ్ళీ దరువు, మళ్ళీ కేక. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ తల చిన్నగా ఊగుతోంది. కళ్ళు పైకి పోయాయి. రెండు చేతులూ ముందుసీటు వెనకభాగాన్ని పట్టుకుని ఉన్నాయి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, బీపీ మనిషి. అప్పుడు అమ్మ గొంతులోంచి కూడా అదే కేక వచ్చింది. ఫోనులోది, కారులోది, రెండూ ఒక్కటిగా.

"అమ్మో, పెద్దావిడకి ఏంటండి ఇలా అవుతుంది!" అని డ్రైవరు తలుపు తీసుకుని బయటికి దిగిపోయాడు.

నేను సీటు కింద తడిమి ఫోను ఆపి, వెనక్కి వెళ్ళి అమ్మని పట్టుకున్నాను. ఆ ఒళ్ళు చెట్టు కొమ్మలా బిగుసుకుంది. పెదాలు ఆడుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఎప్పుడూ వచ్చే మాట రావడం లేదు. అక్కడిదాకా వచ్చి మళ్ళీ కేకే వస్తోంది. నేను కోసిన చోటే ఆగిపోతోంది. నా జన్మలో అంత భయం నేను ఎరగను. పక్కనున్న నీళ్ళ సీసా మూత తీసి పెదాలకి ఆనించి, "తాగమ్మా, తాగరా నాన్నా, నీళ్ళురా" అన్నాను. ఎవరితో అంటున్నానో నాకే తెలీదు. సగం చీర మీద ఒలికిపోయాయి. రెండో చేత్తో సీటు మీద శాంతి దరువు కొట్టాను, వచ్చినంతవరకు. ఎంతసేపు కొట్టానో తెలీదు. వెనకనుంచి బళ్ళ హారన్లు మొదలయ్యాయి. అప్పుడు అమ్మ ఒక గుక్క మింగింది.

కళ్ళు తెరిచి తడిసిన చీర చూసుకుంది. నన్ను చూసింది. సీటు మీద పడున్న ఫోనుని చూసింది.

"అది నా గొంతే కదరా" అంది.

కాదని చెప్పొచ్చు. నీకు ఎండదెబ్బ తగిలిందమ్మా అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. "నీదేనమ్మా" అన్నాను. అక్కడే, బ్యారేజీ మీద, హారన్ల మధ్య మొత్తం చెప్పాను. కిటికీ, కత్తెర, సంతకం, మూతపడ్డ కంపెనీ.

అమ్మ చివరిదాకా విన్నది. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మరి నీళ్ళు అడిగినచోట ఏం పెట్టావురా?"

"ఏం పెట్టలేదమ్మా. తీసేశాను. మళ్ళీ మొదటినుంచి వస్తుంది."

అమ్మ మొహం తిప్పుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. తిట్టలేదు. రావులపాలెంలో గెలలు తనే ఏరింది, పచ్చివీ పండినవీ లెక్కగా.

సంబరం రోజు వచ్చింది. అదే పెద్దాయన, ఇంకా నెరిసిపోయాడు. అమ్మ ఎప్పట్లాగే తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, రూపుని పళ్ళెంలో పెట్టుకుని నిలబడింది. అక్క పక్కన గ్లాసుతో నిలబడింది. అక్కకి అప్పటికి నేను చెప్పేశాను. నన్ను ఆ రోజంతా పేరుపెట్టి కూడా పిలవలేదు.

వీరణాలు మొదలయ్యాయి. పిలుపు దరువు. శరభ శరభ అని పెద్దాయన గొంతెత్తాడు. ఇల్లంతా దద్దరిల్లుతోంది. నేను అమ్మ ముఖం చూడలేక చూస్తున్నాను. ఇప్పుడు మళ్ళీ బ్యారేజీ మీదలా అవుతుందేమో అని ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉందని అప్పుడే తెలిసింది. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఒళ్ళు కదలడం లేదు. సంతలో నిలబడ్డ మనిషిలా మామూలుగా నిలబడి ఉంది. దరువు రెట్టించారు, గుగ్గిలం పొగ వేశారు. అరగంట గడిచింది. వాయించేవాళ్ళ చొక్కాలు తడిసిపోయాయి.

"పిన్నీ, ఒక్కసారి కళ్ళు మూసుకో" అంది ఎవరో చుట్టాలావిడ.

అమ్మ మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

పెద్దాయన చెయ్యెత్తి దరువు ఆపాడు. "అమ్మగారూ, వాడు రావట్లేదండి. ఇంకోసారి పిలవమంటారా?"

అమ్మ పళ్ళెంలో రూపుని చూసి, దాని మీది పసుపు వేలితో సరిచేసింది.

"వద్దు నాయనా. ఈమధ్య వాణ్ణి చాలామంది పిలిచారు. అలిసిపోయుంటాడు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, నాకూ అక్కకీ తప్ప. పెద్దాయన నావైపు చూశాడు. ఆ చూపులో ఏమీ లేదు, ఏం చేయమంటారు అన్న ప్రశ్న తప్ప. రానివాణ్ణి పంపడం ఉండదండి, శాంతి దరువు అక్కర్లేదు, సర్దేసుకుంటామన్నాడు.

"అయినా వాయించండి" అన్నాను.

"ఎవరికి బాబుగారూ?"

"ఎక్కడున్నా వినపడుతుందేమో. వాయించండి."

వాయించారు. మెల్లగా, జోకొట్టినట్టు. నేను నేలమీద కూర్చుని మొత్తం విన్నాను. అది సగంలో ఉండగానే అమ్మ పళ్ళెం చేతిలో పట్టుకుని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.